కంప్యూటర్ జలశీతలీకరణ దిమ్మెలో ప్రవాహ ద్వారాల రూపకల్పన: చిన్న యంత్రశాల తయారీ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కంప్యూటర్ ప్రాసెసర్‌ను నీటితో చల్లబరచే రాగి దిమ్మెను స్వయంగా తయారుచేసుకొనేవారు సాధారణంగా గొట్టాలు బిగించే రంధ్రాలను వీలైనంత వెడల్పు చేయడంపై శ్రద్ధ చూపుతారు. దిమ్మె లోపల నీరు ఆ రంధ్రాలతో పాటు పంపిణీ గది, చీలిక, సన్నని గాడులు, సేకరణ కాలువ అనే వేర్వేరు ద్వారాల గుండా వరుసగా వెళుతుంది. వీటిలో ఇరుకు ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అన్నదే రూపకల్పనలోని అసలు ప్రశ్న. ఒక నిర్దిష్ట నమూనాకు అంచనా లెక్కలు కట్టి ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

కీలక పదాలు: వాటర్ బ్లాక్, గాడులు, పీడన నష్టం, స్తరీయ ప్రవాహం, ప్రవాహ పంపిణీ, ఉష్ణ మార్పిడి.

1. ఉపోద్ఘాతం

ప్రాసెసర్‌లో ఉష్ణం పుట్టే చోటు చాలా చిన్నది. నేటి డెస్క్‌టాప్ కంప్యూటర్లలో వంద వాట్లకు మించిన ఉష్ణం ఒకటి రెండు చదరపు సెంటీమీటర్ల సిలికాన్ నుండి వెలువడుతుంది. దానిని నీటిలోకి చేరవేసే పని వాటర్ బ్లాక్ అనే రాగి దిమ్మెది. అడుగు భాగం ప్రాసెసర్‌కు ఆని ఉంటుంది. పై భాగంలో నీరు ప్రవహిస్తుంది. రెంటినీ ఒక మూత కలిపి ఉంచుతుంది. నిర్మాణం ఇంత సరళం కాబట్టే లేత్, మిల్లింగ్ మెషీన్ అందుబాటులో ఉన్నవారు దీనిని సొంతంగా చేసుకోవడానికి సాహసిస్తారు. ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల ప్రయోగశాలలకు కూడా ఇది తగిన అంశమే. ద్రవగతిశాస్త్రం, ఉష్ణ ప్రసారం, యంత్రపు పని మూడూ ఇందులో కలుస్తాయి. పొరపాటు జరిగితే నీరు మదర్‌బోర్డు మీద పడుతుంది.

ఈ రంగానికి మూలస్తంభం వంటి ప్రయోగం 1981లో వెలువడింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో టకర్‌మన్, పీస్ అనే పరిశోధకులు సిలికాన్ పలకలోనే సుమారు 50 మైక్రోమీటర్ల వెడల్పు, 300 మైక్రోమీటర్ల లోతు గల గాడులు చెక్కి, వాటిలో నీటిని నడిపారు. చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల ఉష్ణం తొలగించినప్పుడు పలక ఉష్ణోగ్రత లోనికి వచ్చే నీటికంటే 71 డిగ్రీలు మాత్రమే పెరిగింది. గాడి సన్నబడేకొద్దీ గోడకూ నీటి మధ్యభాగానికీ దూరం తగ్గుతుంది. ఉష్ణం దాటవలసిన నీటిపొర పలచబడుతుంది. ఈ ఫలితం వెనుక ఉన్న సూత్రం అదే. అయితే ఆ గాడులలో నీటిని నెట్టడానికి దాదాపు రెండు వాతావరణాల పీడనం అవసరమైంది. ఇంటి తయారీదారు వాడే చిన్న అక్వేరియం పంపు నీటిని ఒకటి రెండు మీటర్ల ఎత్తుకు మించి లేపలేదు. అంటే ఒక వాతావరణంలో పదో వంతు నుండి ఐదో వంతు వరకే. ఈ పని కోసమే ఎక్కువగా వాడే డి5 తరగతి పంపులు కూడా నాలుగు మీటర్ల దగ్గర ఆగిపోతాయి. సన్నని గాడి కావాలి, దానికి తగిన పీడనం మాత్రం లేదు. ద్వారాల అమరిక పట్టింపులోకి వచ్చేది ఈ ఇబ్బంది వల్లనే.

2. పరిశీలనకు తీసుకున్న నమూనా

ఈ వ్యాసంలోని లెక్కలన్నీ ఒకే దిమ్మెకు చెందినవి. రాగి అడుగు పలకపై 30 మిల్లీమీటర్ల చదరంలో, అర మిల్లీమీటరు మందం గల స్లిట్టింగ్ సా చక్రంతో 30 గాడులు కోస్తారు. గాడి వెడల్పు 0.5, లోతు 3, గాడుల మధ్య నిలిచే రాగి రెక్క మందం 0.5 మిల్లీమీటర్లు. నీటి ప్రవాహం నిమిషానికి 3 లీటర్లు, ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు, ప్రాసెసర్ ఉష్ణం 150 వాట్లు. ఇవి చేతి లెక్కలు. పదిహేను ఇరవై శాతం తేడా సహజం. రూపకల్పన నిర్ణయాలకు ఆ మాత్రం కచ్చితత్వం సరిపోతుంది. ఎందుకంటే ఇక్కడ ఎదురయ్యే వ్యత్యాసాలు శాతాలలో కాక రెట్లలో ఉంటాయి.

3. కంటికి కనిపించే ద్వారం

మూతపై నీరు వచ్చి పోయే రెండు రంధ్రాలు అందరి దృష్టికీ ముందు వస్తాయి. రంధ్రం పెద్దదైతే నీరు ఎక్కువ వస్తుంది, నీరు ఎక్కువైతే చల్లదనం ఎక్కువ అన్న ఊహ ఇక్కడే పుడుతుంది. అందులో సగమే నిజం.

ఒకే ప్రవాహానికి రంధ్రం వద్ద పీడన నష్టం వ్యాసపు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. నిమిషానికి 3 లీటర్ల నీరు 6 మిల్లీమీటర్ల రంధ్రంలో సెకనుకు 1.8 మీటర్ల వేగం అందుకుంటుంది. దాని గతిజ పీడనం దాదాపు 1,560 పాస్కల్. లోనికి దూరడం, వెంటనే మలుపు తిరగడం లెక్కలోకి తీసుకుంటే నష్టం 2,300 పాస్కల్ వరకు ఉంటుంది. అటువంటివి రెండు రంధ్రాలు. ఒక మీటరు ఎత్తుకు నీరు లేపే పంపు గరిష్ఠ పీడనమే 9,800 పాస్కల్. అదీ ప్రవాహం సున్నా అయినప్పుడు. కాబట్టి 6 మిల్లీమీటర్ల రంధ్రం నిస్సందేహంగా తప్పు. 8 మిల్లీమీటర్లకు గతిజ పీడనం 500కు, 10 మిల్లీమీటర్లకు 200కు, 12 మిల్లీమీటర్లకు 100కు దిగుతుంది. పది నుండి పన్నెండుకు పెంచితే మిగిలేది వంద పాస్కల్, అంటే ఒక సెంటీమీటరు నీటి ఎత్తు. దానికోసం మూతను బలహీనపరచడం అనవసరం.

ప్రామాణికమైన జి 1/4 మరకు 11.8 మిల్లీమీటర్ల డ్రిల్ వాడతారు. అందులో బిగించే ఫిట్టింగు లోపలి రంధ్రం సుమారు 9 నుండి 10 మిల్లీమీటర్లు ఉంటుంది కనుక ప్రశ్న అక్కడికే తీరిపోతుంది. ఇక్కడ జరిగే అసలు పొరపాటు వేరు. మర పూర్తిగా దిగినప్పుడు ఫిట్టింగు కొన పంపిణీ గది అడుగుకు దాదాపు తగిలి, పది మిల్లీమీటర్ల ద్వారం ఒక మిల్లీమీటరు సందుగా మారిపోతుంది. బయటనుండి చూస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది.

4. గాడులు: ఇరుకు ఉండవలసిన చోటు

నీరు ఒక అంచున ప్రవేశించి రెండో అంచున వెలువడే సాధారణ అమరికను ముందు చూడవచ్చు. ముప్పై గాడుల మొత్తం అడ్డుకోత వైశాల్యం 45 చదరపు మిల్లీమీటర్లు. వేగం సెకనుకు 1.1 మీటర్లు, రెనాల్డ్స్ సంఖ్య 1,200 లోపు. ప్రవాహం స్తరీయంగా ఉంటుంది. ఘర్షణ నష్టం సుమారు 1,430 పాస్కల్. గాడి గోడలకూ నీటికీ మధ్య ఉష్ణోగ్రత భేదం 150 వాట్ల వద్ద 7 డిగ్రీల లోపు వస్తుంది.

అదే చదరంలో ఒక మిల్లీమీటరు గాడులు, ఒక మిల్లీమీటరు రెక్కలు కోస్తే గాడుల సంఖ్య పదిహేనుకు తగ్గుతుంది. మొత్తం అడ్డుకోత, వేగం మారవు. ఘర్షణ నష్టం 400 పాస్కల్‌కు పడిపోతుంది, కాని ఉష్ణోగ్రత భేదం 25 డిగ్రీలకు ఎగబాకుతుంది. ఇవి పూర్తిగా వికసించిన ప్రవాహాన్ని ఊహించి వేసిన లెక్కలు. ముప్పై మిల్లీమీటర్ల పొడవులో ప్రవాహం ఆ స్థితికి చేరదు కనుక వాస్తవంలో రెండు దిమ్మెలూ ఇంతకంటే మెరుగ్గా పనిచేస్తాయి, వాటి మధ్య తేడా కూడా కొంత తగ్గుతుంది. దిశ మాత్రం మారదు. గాడి వెడల్పు సగం చేసినందుకు చెల్లించిన మూల్యం సుమారు వెయ్యి పాస్కల్; ఇది 6 మిల్లీమీటర్ల రంధ్రం ఒక్కటి వృథా చేసే పీడనంలో సగం కూడా కాదు. అదే పీడనం రంధ్రం వద్ద ఖర్చయితే దానివల్ల ఒక్క డిగ్రీ కూడా తగ్గదు.

ప్రవాహాన్ని పెంచితే ఎంత లాభం అన్న ప్రశ్నకు సమాధానం ఇంకా నిరాశ కలిగిస్తుంది. నిమిషానికి 3 లీటర్ల నీరు 150 వాట్లను మోసుకుపోతే ఆ నీరు వేడెక్కేది 0.7 డిగ్రీలే. ప్రవాహాన్ని రెట్టింపు చేస్తే మిగిలేది 0.36 డిగ్రీ. స్తరీయ ప్రవాహంలో ఉష్ణ మార్పిడి గుణకం వేగంతో పాటు పెరిగేది స్వల్పం. నష్టం మాత్రం గాడులలో రెట్టింపు, రంధ్రాల వద్ద నాలుగు రెట్లు అవుతుంది. పంపు మార్చడానికి పెట్టే డబ్బు ఎక్కువ భాగం ఈ విధంగానే ఖర్చవుతుంది.

5. మధ్య నుండి ప్రవేశం

నీటిని అంచు నుండి కాక, గాడులకు అడ్డంగా వాటి మధ్యన ఉన్న చీలిక గుండా పైనుండి దింపితే అది రెండు వైపులకూ చీలి ప్రవహిస్తుంది. ప్రతి సగంలో పొడవు సగం, వేగం సగం. స్తరీయ ప్రవాహంలో నష్టం పొడవుకూ వేగానికీ అనులోమం కాబట్టి అది నాలుగో వంతుకు, అంటే 360 పాస్కల్‌కు దిగుతుంది.

ఈ అమరిక ఉష్ణ మార్పిడిని పెంచుతుందని తరచుగా చెబుతారు. ఇక్కడ కొంత జాగ్రత్త అవసరం. సరిహద్దు పొర ఎంత వికసించిందన్నది పొడవును రెనాల్డ్స్ సంఖ్యతో భాగించగా వచ్చే నిష్పత్తిపై ఆధారపడుతుంది. పొడవు, వేగం రెండూ సగమైనప్పుడు ఆ నిష్పత్తి మారదు. అందువల్ల సగటు ఉష్ణ మార్పిడి గుణకమూ మారదు. మారేది రెండు విషయాలు. మొదటిది, నీరు గాడిలో అడుగుపెట్టే చోట సరిహద్దు పొర అత్యంత పలచగా ఉంటుంది; ఆ చోటు ఇప్పుడు అంచున కాక చిప్‌కు నేరుగా పైన ఉంటుంది. రెండవది, ఆదా అయిన పీడనంతో గాడులను మరింత సన్నగా కోసుకునే వీలు కలుగుతుంది. ఘర్షణ ఒక్కదానినే చూస్తే, మధ్య ప్రవేశం గల 0.3 మిల్లీమీటర్ల గాడుల నష్టం 950 పాస్కల్. అంచు ప్రవేశం గల 0.5 మిల్లీమీటర్ల గాడుల నష్టం కంటే తక్కువే.

చీలిక వెడల్పును నిర్ణయించేటప్పుడు ఒక విషయం తరచుగా మరుగున పడుతుంది. ముప్పై మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు గల చీలిక వైశాల్యం కాగితం మీద 60 చదరపు మిల్లీమీటర్లు. కాని దాని కింద సగం చోటును రెక్కల తలలు మూసివేస్తాయి. నీటికి దొరికేది 30 చదరపు మిల్లీమీటర్లే. అక్కడి గతిజ పీడనం దాదాపు 1,400 పాస్కల్. మధ్య ప్రవేశం వల్ల ఆదా చేసినది అంతా ఇక్కడే పోతుంది. వెడల్పు 3 మిల్లీమీటర్లయితే ఇది 620కి, 4 అయితే 350కి తగ్గుతుంది. మరీ వెడల్పు చేస్తే నీరు గాడి అడుగు వరకు దూసుకుపోకుండా పైపైనే పక్కలకు మళ్లుతుంది. వేడి ఎక్కువగా ఉన్నదేమో అడుగున. ఈ నమూనాకు 3 మిల్లీమీటర్లు సమంజసం. అప్పుడు చీలిక, గాడుల నష్టం కలిపి 980 పాస్కల్. అంచు ప్రవేశపు 1,430కి దిగువనే నిలుస్తుంది.

6. పంపిణీ గది, సేకరణ కాలువ

గుండ్రని రంధ్రం నుండి వచ్చిన నీరు ముప్పై గాడులకూ పంచుకోబడాలి. తెలుగు పాఠకునికి ఇది కాలువ, తూములు, పంట బోదెల వ్యవస్థను గుర్తుచేస్తుంది: ఎగువ బోదెలు తాగగా చివరి ఆయకట్టుకు నీరందదు. ఆ పోలిక ఇక్కడ కొంతవరకే పనికివస్తుంది. చిన్న దిమ్మెలో పంపిణీ గది పొడవు తక్కువ కాబట్టి ఘర్షణ ప్రభావం స్వల్పం. ద్రవ్యవేగ ప్రభావమే ప్రధానం. నీరు గాడుల్లోకి జారుకుంటూ పోయేకొద్దీ గదిలో వేగం తగ్గుతుంది, వేగం తగ్గినచోట స్థితిజ పీడనం పెరుగుతుంది. ఫలితంగా చివరి గాడులకే ఎక్కువ నీరు అందవచ్చు. పొలంలో ఎండే చోటు దిమ్మెలో పొంగుతుంది.

ఏ వైపు మొగ్గినా నివారణ ఒకటే. పంపిణీ గదిలోని గతిజ పీడనం, దాని తరువాతి చీలిక-గాడుల నష్టంతో పోల్చితే చాలా తక్కువగా ఉండాలి. గది వెడల్పు 6, ఎత్తు 5 మిల్లీమీటర్లయితే మధ్య రంధ్రం నుండి ఒక్కో పక్కకు మూడో వంతు నీరు వెళ్తుందనుకున్నప్పుడు గతిజ పీడనం 150 పాస్కల్. 980 ముందు ఇది పట్టించుకోనవసరం లేనిది. ఎత్తును 2 మిల్లీమీటర్లకు కుదిస్తే అదే 960కి చేరుతుంది. అప్పుడు పంపిణీ యాదృచ్ఛికమే. దిమ్మె పలచగా, అందంగా ఉండాలన్న కోరిక ఎక్కువగా దెబ్బతీసేది ఈ గదినే.

అన్ని గాడులకూ సమానంగా నీరు అందడమే లక్ష్యం అనుకోవడం కూడా సరికాదు. ఉష్ణం సమానంగా పుట్టదు. రంధ్రం నేరుగా చీలిక మధ్యభాగంపై ఉన్నప్పుడు మధ్య గాడులకు కొంత ఎక్కువ నీరు వెళ్తుంది. చిప్ మధ్యనే ఉంటే ఆ పక్షపాతం మేలే చేస్తుంది. చిప్ మధ్యన లేనప్పుడు మాటేమిటి? ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్లలో గణన చేసే చిప్లెట్లు పైకప్పు కేంద్రానికి కొన్ని మిల్లీమీటర్లు పక్కకు ఉంటాయి. అటువంటి వాటికి చీలికను ఆ దిశగా జరపడం ఇంటి తయారీదారుకు ఉన్న అరుదైన సౌలభ్యం. అందరికీ సరిపోయేలా చేయవలసిన కర్మాగారానికి అది సులభం కాదు.

గాడుల నుండి వెలువడిన నీటిని పోగుచేసే కాలువపై ఎవరూ అంతగా శ్రద్ధ పెట్టరు. ఒక్కో వైపు సగం నీరు, అంటే సెకనుకు 25 మిల్లీలీటర్లు, దాని గుండా పోవాలి. కాలువ అడ్డుకోత 4కు 5 మిల్లీమీటర్లయితే చివర గతిజ పీడనం 780 పాస్కల్. గాడుల నష్టానికి రెట్టింపు. అడుగు పలకలో 3, మూతలో 3 మిల్లీమీటర్లు చెక్కి 6కు 6 చేస్తే 240కి తగ్గుతుంది. నిర్గమ రంధ్రం ఒక పక్కనే ఉంటే రెండో పక్క నీరు చుట్టూ తిరిగి రావాలి; ఆ వైపు ప్రవాహం తగ్గుతుంది. రెండు కాలువలూ సమాన దూరంలో కలిసేలా రంధ్రాన్ని ఉంచడం దీనికి పరిష్కారం.

7. రెక్కలపై మిగిలే సందు

ఇప్పటివరకు చెప్పినవన్నీ తయారీదారు కావాలని పెట్టే ద్వారాలు. అనుకోకుండా ఏర్పడేది ఇంకొకటి ఉంది: రెక్కల తలలకూ మూతకూ మధ్య సందు. ఓ-రింగ్ గాడి లోతు తక్కువైతే మూత కొంచెం పైకి నిలుస్తుంది. స్క్రూలు దూరదూరంగా ఉంటే అక్రిలిక్ మూత మధ్యలో ఉబుకుతుంది. అర మిల్లీమీటరు ఎడం కంటికి ఆనదు. కాని సన్నని సందులో స్తరీయ ప్రవాహం సందు మందపు మూడో ఘాతానికి అనులోమం. ఈ నమూనాలో సందు 0.2 మిల్లీమీటర్లయితే గాడులను తప్పించుకొని పోయే నీరు రెండు శాతమే. 0.5 అయితే పావు వంతుకు మించుతుంది. ఒక మిల్లీమీటరైతే నీటిలో ముప్పాతిక భాగం గాడుల్లోకి దిగకుండానే బయటికి పోతుంది.

ఈ లోపం మోసకారి. దిమ్మె లీకు కాదు. నిరోధం తగ్గుతుంది కాబట్టి నీరు బ్రహ్మాండంగా పారుతుంది. పంపు తేలికగా తిరుగుతుంది. ప్రాసెసర్ మాత్రం వేడెక్కుతుంది. ప్రవాహమే చల్లదనానికి కొలమానం అని నమ్మినవారు అప్పుడు రంధ్రాలను ఇంకా పెద్దవి చేస్తారు. రెక్కల తలలపై అర మిల్లీమీటరు సిలికాన్ రబ్బరు పలకను, మధ్య చీలిక కోసి, పరచి మూత బిగించడం తేలికైన నివారణ. రబ్బరు రెక్కల తలలకు అదుముకొని సందును మూసివేస్తుంది. బిగింపు మరీ ఎక్కువైతే రబ్బరు గాడుల్లోకి దిగుతుంది కనుక పలక మందాన్ని ఓ-రింగ్ గాడి లోతుతో కలిపి ముందే లెక్క చూసుకోవాలి.

8. తయారీ, మలినాలు, పరీక్ష

రాగి మెత్తని లోహం; పళ్లకు అంటుకుంటుంది. అర మిల్లీమీటరు చక్రంతో మూడు మిల్లీమీటర్ల లోతు కోయాలంటే కటింగ్ ఆయిల్ ధారాళంగా పోస్తూ రెండు మూడు విడతలలో దిగాలి. 0.3 మిల్లీమీటర్ల చక్రం విరిగే ప్రమాదం ఇంకా ఎక్కువ. సన్నబడినందుకు వచ్చే లాభం ఈ నమూనాలో నాలుగు డిగ్రీలు. ప్రాసెసర్‌కూ దిమ్మెకూ మధ్య థర్మల్ పేస్టును సరిగా రాయకపోతే పోయేది కూడా అంతే ఉండవచ్చు. చిన్న యంత్రశాలలో 0.5 వద్ద ఆగడమే విజ్ఞత.

సన్నని గాడి వడపోత జల్లెడలా కూడా పనిచేస్తుంది. కోతలో మిగిలిన రాగి రజను, కొత్త రేడియేటరులోని టంకపు ఫ్లక్స్, గొట్టాల నుండి కారే ప్లాస్టిసైజర్, నీటిలో పెరిగే నాచు అన్నీ గాడుల ముఖద్వారాల వద్దే చిక్కుకుంటాయి. మధ్య ప్రవేశం గల దిమ్మెలో ఆ ముఖద్వారాలు చిప్‌కు సరిగ్గా పైన ఉండడం ఈ అమరికకు ఉన్న నిజమైన బలహీనత. స్వేదనజలం, నాచు నివారిణి, పంపు ముందు ఒక జాలీ తప్పనిసరి. రాగి దిమ్మెకు అల్యూమినియం రేడియేటరు జతచేయకూడదు. రెండు లోహాల మధ్య విద్యుద్రసాయన క్షయం మొదలై, ఆ తుప్పు గాడులలో పేరుకుంటుంది.

లెక్కలలో తీసుకున్న నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. రెంటచింతల వంటి చోట మే నెలలో నీరు 45 డిగ్రీలు దాటడం అసహజం కాదు. అప్పుడు నీటి స్నిగ్ధత నాలుగో వంతు తగ్గుతుంది, గాడుల ఘర్షణ నష్టం కూడా అంతే తగ్గుతుంది. వేసవి చేసే ఉపకారం ఇదొక్కటే. దిమ్మె ఎంత మంచిదైనా గాలితో చల్లబడే నీరు గది ఉష్ణోగ్రత కంటే కిందికి పోదు.

పారదర్శకమైన అక్రిలిక్ మూత వాడినప్పుడు పంపిణీని కంటితో పరీక్షించవచ్చు. కంప్యూటరుకు బిగించకముందే, దిమ్మెను పంపుకు కలిపి, ప్రవేశ గొట్టంలో సిరంజితో కొద్దిగా సిరా వదలాలి. రంగు రెండు పక్కలకూ ఒకేసారి చేరుతుందా, మూలలలో ఆగుతుందా, రెక్కల పైనుండి జారిపోతుందా అన్నది చూడాలి. సిరా మూలలలో నిమిషం గడిచినా నిలిచి ఉంటే అక్కడి గాడులు పనిచేయడం లేదని అర్థం. తరువాత రేడియేటరును కూడా కలిపి, తిరుగు గొట్టాన్ని పంపు నీరు తీసుకొనే తొట్టి మట్టంలోనే లీటరు పాత్రలోకి వదిలి గడియారం చూడాలి. పాత్ర 20 సెకన్లలో నిండితే ప్రవాహం నిమిషానికి 3 లీటర్లు. ఆపై దిమ్మె కింద టిష్యూ కాగితం పరచి, కంప్యూటరుకు విద్యుత్తు ఇవ్వకుండా పంపును మాత్రమే 24 గంటలు నడపాలి. కాగితంపై ఒక్క తడి మచ్చ కనిపించినా మూత విప్పి ఓ-రింగ్ గాడిని మళ్లీ కొలవాలి.